లేమికి చివరి మాట

గడిచిన వానకాలంలో అమరావతిలో ఒక ఎరువుల దుకాణం ముందు చూచిన సంగతి ఇది. పత్తిచేనుకు యూరియా కోసం వచ్చిన వృద్ధ రైతు ఒకాయన అరుగుమీద కూర్చొని ఉన్నాడు. ఎంతసేపైందని అడిగాను. "పొద్దుటినించీ మాస్టారూ! స్టాకు అన్నాడు గదా, ఎప్పుడిస్తాడో అని చూస్తన్నా" అన్నాడు. లోపలి కుర్రవాడు చెప్పినది "అవుటాఫ్ స్టాక్, తాతా" అని!

నవ్వకండి. తప్పు రైతుది కాదు. ఆయన చెవి తెలుగు వ్యాకరణాన్ని సరిగానే పాటించింది. ఆంగ్లపు ఈ పదబంధంలో లేమిని తెలిపే మాట నామవాచకానికి ముందు నిలుస్తుంది. మన విభక్తులు పదానికి వెనుక చేరుతాయి. ఉన్నదో లేదో తేల్చే క్రియ చివర వస్తుంది. అందుకే తెలుగువాడు చివరి మాట కోసం చెవి ఒగ్గుతాడు. అక్కడ "స్టాక్" అని వినబడితే ఉన్నదనే అనుకొంటాడు. మధుమేహమున్న నేను "వితౌట్ షుగర్" అని అడిగి తీపి టీ తాగినదీ ఇందుకే.

"స్టాక్"తో నాకు పేచీ లేదు, "టీ"తోనూ లేదు. "స్టాకు లేదు" అంటే అది తెలుగే. మన వాక్యపు నడకను తలకిందులు చేసే పదబంధమే వద్దంటున్నాను. సంస్కృతపు "నిర్" ముందు చేరదా అని మీరు అడగవచ్చు. చేరుతుంది, కాని "నిరాహారం" ఒకే పదమై, ఒకే అర్థమై వినబడుతుంది.

మనకు మాటలు కరవా? లేను, లేవు, లేడు, లేదు, లేము, లేరు: లేమిని సైతం పురుష వచనాలతో చెప్పగల భాష మనది. "చేయక", "చేయని", "చేయడు" అన్నప్పుడు వ్యతిరేకార్థం క్రియలోనే ఇమిడి ఉంటుంది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఈ రూపాలకు సూత్రాలు చెప్పాడు. "లేదు" అనడం మొరటనుకొంటే దానికీ మార్గమున్నది. బియ్యం అయిపోతే "నిండుకొన్నాయి" అన్నది మన ఇల్లాలు. దీపం ఆరితే "కొండెక్కింది" అన్నది.

నేనూ నిర్దోషిని కాను. "ఊళ్ళో లేను" అనవలసినచోట "అవుటాఫ్ స్టేషన్" అని ఎన్నిమార్లు అన్నానో! పాఠం చెప్పిన నోరే ఇలా పలికితే ఆ కుర్రవాణ్ణి ఏమనగలను? అయినా "లేదు తాతా" అన్న రెండు మాటలు చాలేవి. ఆ రైతుకు ఒక పూట దక్కేది.