నాదస్వరం మన యింటి విద్య

మొన్నటి ఉత్సవ సందర్భమున బాపట్ల వీధులలో రెండు నాదస్వర మేళాలు పోటాపోటీగా వాయించగా, తెల్లవారుజాము వరకు నిలిచి విన్నాము. డోళ్ళు కొంత విరామమిచ్చిన వేళ, తెనాలి నుండి మాతో వచ్చిన విద్యార్థి ఒకడు, “మాష్టారూ, ఆ వాయించేది మనవాళ్ళేనా! గుడి ముందు వాయించవచ్చునా?” అని అడిగినాడు. ఆ ప్రశ్న మమ్ము నొప్పించినది.

1924లో కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా శ్రీరంగమున స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు పొందినారు. వారి శిష్య దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు 2020లో పద్మశ్రీ లభించినది. ముస్లిం కుటుంబాలు తరతరాలుగా పోషించిన ఈ విద్యను మన పిల్లలే ఎరుగకపోవడం ఎవరి లోపం? చెప్పని మాది కూడా. ముషాయిరాకు వేదికనిచ్చే కళాశాల, ఏటా ఒక సాయంత్రం నాదస్వరానికి ఇవ్వరాదా? రేపల్లె, బాపట్ల మేళగాండ్రు పిలిస్తే రాకపోరు. కమిటీ పెద్దలు ఆలోచింతురు గాక!