మణికట్టు చెప్పే వయస్సు

బాలలూ! 2017 అక్టోబరులో పదిహేడేళ్ళలోపు బాలుర ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు మన దేశంలోనే జరిగాయి. ఢిల్లీలో కొలంబియాతో ఆడుతూ, మణిపూర్ కుర్రవాడు జీక్సన్ సింగ్ కార్నర్ నుంచి వచ్చిన బంతిని తలతో గోలులోకి కొట్టాడు. ఏ వయస్సువారి ప్రపంచ కప్పులోనైనా మన దేశానికి అదే మొట్టమొదటి గోలు! మరునిమిషంలోనే కొలంబియా ఇంకొక గోలు వేసి 2–1తో గెలిచిందనుకోండి, అది వేరే సంగతి.

ఆ పోటీలకు 2000 జనవరి 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారే అర్హులు. మరి, కాగితం మీద తేదీ ఎవరైనా మార్చి రాయించవచ్చు గదా? అందుకే మణికట్టును అడుగుతారు.

ముంజేతిలో బొటనవ్రేలి వైపు ఎముక చివర, మెత్తని మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. పెరుగుదల ముగిశాక ఆ పొరా ఎముకగా మారి, రెండు భాగాలూ అతుక్కుపోతాయి. మగపిల్లలలో పదిహేడేళ్ళ లోపల ఇది పూర్తి కావడం బహు అరుదు. అలా అయిన ఒకరిద్దరికి, పాపం, అన్యాయమే జరుగుతుంది. ఎమ్మారై యంత్రం పెద్ద అయస్కాంతంతో ఈ అతుకును బొమ్మ కట్టి చూపుతుంది. ఎక్స్‌కిరణాలతో పని లేదు, నొప్పి లేదు. 2009లో నైజీరియా పోటీలలో ఈ పరీక్ష పెట్టగా, ఆతిథ్య జట్టులోనే కొందరు ముందుగా ఇంటిదారి పట్టారు.

“ఒక ఏడాది తగ్గించి వేయండి, మాస్టారూ!” అని బడిలో నన్ను అడిగిన తండ్రులు ఎందరో! ఉద్యోగానికి పనికివస్తుందని వారి ఆశ. ఆ ఏడాదివల్ల జట్టులో చోటు పోగొట్టుకునే పిల్లవాడు వారి కంటికి కనపడడు.

ఏమిటది, మణికట్టు తడుముకుంటున్నారా? పైకి తెలియదర్రా!