కట్ట మీదివారు - కట్ట క్రిందివారు

మన దేశమున చెరువుకట్ట యనగా ఊరి బ్రతుకు. కట్ట క్రింద ఆయకట్టు. ఆయకట్టు నంటి ఊరు. తూము దగ్గర ఊట కనిపించినను, కట్ట కడుపున ఎలుక బొక్క పడినను ముందుగా చూచువాడు నీరుగంటివాడు; ముందుగా కలవరపడువాడు రైతు. కట్ట నిలిచినచో వాని గాదె నిండును. తెగినచో వాని యిల్లు మునుగును. లాభమును భయమును ఒకే యింట కాపురముండుట చేతనే ఇంజనీర్లు లేని కాలమున సైతము ఎన్నో మట్టికట్టలు తరతరములు నిలువగలిగినవి. చెరువు మరమ్మతులకై రాయలసీమలో దశబంధ మాన్యముల నిచ్చిన ఆచారము వెనుక నున్న లోకజ్ఞాన మిదియే.

ఇట్లుగాక, కట్ట మీద కూర్చుండి నీటి యందము ననుభవించువాడొకడు, ఆ నీరు మీదపడినప్పుడు కొట్టుకొనిపోవువాడు వేరొకడు అయినచో ఏమగును? విహారము కొరకు నిలిపిన సొంత మట్టికట్టల సమస్య యంతయు ఈ ప్రశ్నలోనే యున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రభుత్వ జాబితా కెక్కిన ఆనకట్టలు తొంబదివేలకు పైబడినవి. అందు సగమునకు మించి ప్రైవేటు ఆస్తులు. వానిలో పెక్కు మట్టికట్టలు. చేపలు పట్టుటకును పడవలలో తిరుగుటకును ఏర్పడినవి వేలకొలది. ఈ ప్రశ్నకు ఆ దేశము చెల్లించిన మూల్యము మనము తెలిసికొనదగినది.

1889 మే 31న పెన్సిల్వేనియా రాష్ట్రమున జాన్స్‌టౌన్ పట్టణమును ముంచిన సౌత్ ఫోర్క్ కట్ట మొదట వినోదమునకై పుట్టినది కాదు. పడవల కాలువకు నీరందించుటకై రాష్ట్ర ప్రభుత్వము దానిని కట్టించెను. 1853లో అది పూర్తియగునప్పటికి రైలు వచ్చెను; కాలువకు పని లేకపోయెను. కట్ట చేతులు మారెను. 1862లో ఒకమారు తెగినను చెరువున నీరు తక్కువగ నుండుటచే నష్టము స్వల్పమయ్యెను. 1875లో దానిని కొన్న ఆసామి అడుగుననున్న ఇనుప తూముగొట్టములను ఊడబెరికి తుక్కు క్రింద అమ్ముకొనెను. 1879లో అది పిట్స్‌బర్గు ధనికుల వేట, చేపల క్లబ్బునకు చేరెను. ఆండ్రూ కార్నెగీ, హెన్రీ ఫ్రిక్ వంటి వాణిజ్య ప్రభువులు అందలి సభ్యులు.

క్లబ్బువారు చేసిన మార్పులు చూపునకు చిన్నవి. తెగినచోట మట్టి, రాళ్లు, కొమ్మలు, గడ్డి కూరి పూడ్చిరి. పోయిన తూములను మరల పెట్టలేదు. బండ్లు ఎదురెదురుగా నడచుటకు చాలునంత వెడల్పు కొరకు కట్ట తలను కొన్ని అడుగులు తగ్గించిరి. పెంచుకొన్న చేపలు దాటిపోకుండ అలుగునకు అడ్డముగా ఇనుప జల్లెడలు బిగించిరి. ఒక్కొక్కటిగా చూచినచో ఏదియు ఘోరముగా తోచదు. అన్నియు కలిసినప్పుడు 72 అడుగుల ఎత్తు, 931 అడుగుల పొడవు గల ఆ కట్టకు అడుగున నీరు వదలు దారి లేదు. పైనుండి పోవు దారి ఇరుకు. నడిమి భాగము క్రుంగుడు.

హెచ్చరించువారు లేకపోలేదు. దిగువనున్న కేంబ్రియా ఇనుప కర్మాగారపు అధిపతి డేనియల్ మోరెల్ 1880లో జాన్ ఫుల్టన్ అను నిపుణుని పంపి కట్టను పరీక్షింపజేసెను. తూములు లేవనియు, కట్టనుండి పెద్ద ఊట కారుచున్నదనియు ఫుల్టన్ వ్రాసెను. మా వలన మీకు ప్రమాదమేమియు లేదని క్లబ్బు అధ్యక్షుడు బెంజమిన్ రఫ్ బదులు పంపెను. మరమ్మతు ఖర్చులో పాలు పంచుకొందుమని మోరెల్ ముందునకు వచ్చినను ఫలితము లేకపోయెను. క్రిందివాడు సొమ్మిత్తునన్నను పైవాడు వినకుండుట గమనింపదగినది. వానికి సొమ్ము కొరత కాదు, భయము కొరత.

రాతికట్ట మీదుగా నీరు పొరలినను కొంత తడవు ఓర్చుకొనగలదు. మట్టికట్టకు ఆ ఓర్పు లేదు. పొరలిన నీరు వెలుపలి వాలును కోసికొనుచు, కోసిన మట్టిని తనతో కొనిపోవుచు, చూచుచుండగనే గండిని పెంచును. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేటి మీది అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగి రాజంపేట ప్రాంతపు గ్రామములను ముంచినప్పుడు మనవారును ఈ సత్యమును కన్నులార చూచిరి. ఆ ప్రాజెక్టు ప్రభుత్వమువారిది, సేద్యమునకై కట్టినది. కాని మట్టి స్వభావము యజమానినిబట్టి మారదు కదా! సౌత్ ఫోర్క్‌లో ఆ నాటి కుంభవృష్టికి అలుగు చాలక నీరు కట్ట నెక్కెను. కట్ట తెగిన సుమారు గంటకు 14 మైళ్ల దిగువనున్న పట్టణము కొట్టుకొనిపోయెను. మృతులు 2,209 మంది. అందు 777 మంది ఎవరో గుర్తింప వీలుపడలేదు.

క్లబ్బు మీద వేసిన వ్యాజ్యములలో బాధితులకు పరిహారము దక్కలేదు. అది దైవికమన్న వాదము గెలిచెను. తరువాత కార్నెగీ ఆ పట్టణమునకు గ్రంథాలయము కట్టించి యిచ్చెను. నేడు ఆ భవనమే ఆ వరద జ్ఞాపకముల ప్రదర్శనశాల. దానమునకు దొరికిన ద్రవ్యము బాధ్యతకు దొరకలేదు.

ఇది పాతకథ యని కొట్టివేయరాదు. జార్జియా రాష్ట్రమున టొకోవా జలపాతము పైనున్న కెల్లీ బార్న్స్ కట్ట ఒక మతకళాశాల సొత్తు. విద్యుదుత్పత్తి 1957లో నిలిచిపోయిన పిదప అక్కడి చెరువు విహారమునకే మిగిలెను. వెలుపలి వాలు నిటారు. దాని మీద చెట్లు, పొదలు. 1977 నవంబరు 6న, అర్ధరాత్రి దాటిన పిమ్మట, సుమారు 40 అడుగుల ఎత్తు గల ఆ చిన్న కట్ట తెగి 39 మందిని పొట్టబెట్టుకొనెను. ప్రైవేటు ఆనకట్టలను సైతము పరీక్షింపుమని అమెరికా శాసనసభ 1972లోనే చట్టము చేసియుండెను. ఆ పరీక్షలు ముమ్మరముగా సాగుటకు ఈ 39 ప్రాణములు పోవలసివచ్చెను. అధ్యక్షుడు కార్టరు, ప్రమాదస్థానములందున్న కట్టలను తనిఖీ చేయుడని అప్పుడు ఆజ్ఞాపించెను.

ఇక చట్టము మాట. తన భూమిలో నీటిని నిలువజేసినవాడు అది తప్పించుకొని పొరుగువానికి చేసిన నష్టమునకు, తన అజాగ్రత్త లేకున్నను, బాధ్యుడని ఆంగ్లదేశపు ప్రభువుల సభ 1868లో రైలాండ్స్ వ్యాజ్యమున తీర్పిచ్చెను. ఆరేండ్లకు, 1874లో, మన చిత్తూరు సీమలోని కార్వేటినగరము జమీందారు చెరువులు తెగి మద్రాసు రైల్వేకు నష్టము కలిగిన వ్యాజ్యము ప్రీవీ కౌన్సిలు ముందునకు వచ్చెను. ఆ సూత్రమిక్కడ చెల్లదని కౌన్సిలు నిర్ణయించెను. ఏలయన, ఆ చెరువులు ప్రాచీనములు. ప్రజల జీవనమునకు ఆవశ్యకములు. వానిని కాపాడుట జమీందారు విలాసము కాదు, విధి. అజాగ్రత్త రుజువైననే గాని అతడు బాధ్యుడు కాడు.

ఈ తీర్పులోని హేతువును తిరగవేసి చూడుడు. పదిమంది పంటకై నిలిచిన నీటికి న్యాయస్థానము చూపిన దయను, పదిమంది సరదాకై నిలిచిన నీరు కోరజాలదు. విహారపు చెరువును నిలుపుమని యజమానిని ఏ విధియు నిర్బంధింపలేదు. అతడు తన ఇచ్ఛచే నిలిపెను. కావున దాని భారము సంపూర్ణముగా అతనిదే కావలెను.

మన ఆనకట్టల భద్రతా చట్టము 2021 డిసెంబరులో వచ్చినది. 15 మీటర్లు మించిన కట్టలకును, 10 మొదలు 15 మీటర్లలోపు వానిలో పొడవు, నిలువ మొదలగు నిబంధనలలో ఏదేని ఒకటి తగిలిన వానికిని అది వర్తించును. పెద్దవానిని ముందుగా పట్టుట సబబే. కాని ఎత్తును పొడవును మాత్రమే చూచినచో, 39 మందిని చంపిన కెల్లీ బార్న్స్ వంటి కట్ట ఈ వలకు చిక్కదు. నగరముల చుట్టు విహారగృహములును తోటలును పెరుగుచున్న ఈ కాలమున, వాగునకు అడ్డముగా ముచ్చటపడి కట్టిన కట్ట ఎత్తు ఎంత యని గాక, దాని క్రింద ఎవరి యిండ్లున్నవి యని ముందుగా అడుగవలెను.

కావలసినవి గొప్ప పనులు కావు. యజమాని పేరు ప్రభుత్వపు చిట్టాలో నుండవలెను. పెనువానకు చాలునంత అలుగు, తెరచినచో తెరచుకొను తూము ఉండవలెను. చేపల కొరకు అలుగునకు వలకట్టుట మన యూళ్లలోను కలదు. వానకాలమున దానిని కఠినముగా నిషేధింపవలెను. కట్ట మీద చెట్లు మొలవనీయరాదు. ఏటేట వానలకు ముందు నిపుణుడొకడు వచ్చి చూచి, తాను చూచినదానిని క్రిందియూరి పంచాయతీకి వ్రాసి యీయవలెను. నష్టపరిహారమునకు తగిన ధరావతుగాని బీమాగాని లేనివానికి నీరు నిలుపుకొను హక్కు ఉండరాదు.

మన పెద్దలు చెరువు కాపలాను కట్ట క్రింద బ్రతుకువాని కన్నులకు అప్పగించిరి. విహారపు కట్టను ఆ కన్నులు చూడజాలవు. దానికి కంచె యున్నది, గేటున్నది, కావలివాడున్నాడు. ఆ గేటు తెరిపించి లోపలికి పోగల అధికారమును క్రిందియూరివారికి కల్పింపని చట్టము ఎన్ని మీటర్లు కొలిచినను అసంపూర్ణమే.