ఖయామత్‌కు 13 రోజులు

'లైట్నింగ్ రిటర్న్స్' అనే గేమ్ మీద ఆడినవాళ్ల షికాయత్‌లు ఇన్నీ అన్నీ కావు. జపాన్‌వాళ్ల ఫైనల్ ఫాంటసీ 13 వరసలో ఇది మూడోది, ఆఖరిది, 2013లో వచ్చింది. దునియా ముగియడానికి 13 రోజులే. ఆలోగా లైట్నింగ్ అనే సిపాయి అమ్మాయి రూహ్‌లను కాపాడాలి. గడియారం వెంటపడుతుందనీ, తీరిగ్గా తిరగనివ్వదనీ చాలామంది గోల. లడాయి మాత్రం మజాగా ఉందంటారు.

గడియారం మీద కోపం ఇన్సాఫ్ కాదు. లడాయి జరుగుతున్నంతసేపూ అది ఆగుతుంది. పైగా 500 ఏళ్లుగా ఎవరికీ వయసు పెరగని, పిల్లలే పుట్టని లోకం అది. వక్త్‌కు ఖీమత్ వచ్చిందే ఈ ఆఖరి రోజుల్లో. గడియారం తీసేస్తే ఇక కథేముంది?

నాకు గుచ్చుకున్నది వేరే. అందులో ఖుదా అనిపించుకునే బూనివెల్జే, చనిపోయిన చెల్లెలిని తిరిగిస్తానని ఆశపెట్టి లైట్నింగ్‌తో పని చేయించుకుంటాడు. చివరికి ఆమె అతనితోనే తలపడుతుంది. ఇది అఖీదా మాట, అమ్మీ అబ్బాలు కంగారుపడటంలో తప్పులేదు. కానీ గేమ్ లాక్కుంటే బేటా దోస్త్ ఇంట్లో ఆడతాడు. పక్కన కూర్చుని అడగండి: మనుషుల దిల్‌లో ఏముందో బూనివెల్జేకి కనబడదు కదా, అలాంటివాడు ఖుదా ఎట్లా అవుతాడు బేటా?