తొలి వేదిక

సంగీతం నేర్చినవారందరూ వేదిక ఎక్కరు. వేదిక ఎక్కినవారందరూ శ్రోతల మనస్సుల్లో నిలువరు. నేర్చుకోవడానికీ, పదిమందికి వినిపించడానికీ నడుమ సన్నద్ధత అనే మెట్టు ఒకటి ఉన్నది. ఆ మెట్టును దాటవేసి పైకి పోవాలనుకొన్న బృందాలు ఒకటి రెండు ప్రదర్శనలతోనే చెదరిపోతాయి. కొత్తగా ఏర్పడిన రాక్ సంగీత బృందం తన తొలి ప్రదర్శనకు ఎట్లా సిద్ధం కావాలి, దానిని ఆదరించవలసిన ఊరు ఎట్లా సిద్ధం కావాలి అనే రెండు ప్రశ్నలను బొగ్గుగనుల ప్రాంతమైన గోదావరిఖనిని దృష్టిలో ఉంచుకొని ఆలోచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాక్ సంగీతం 1950వ దశకంలో అమెరికాలో రూపుదిద్దుకొన్నది. నల్లజాతి శ్రమజీవుల 'బ్లూస్' పాటలు, అక్కడి పల్లెపాటలు కలిసి దానికి ప్రాణం పోశాయి. గిటారు, బేస్ గిటారు, డ్రమ్స్, గానం దీనికి ప్రధానాంగాలు. నలుగురైదుగురు కలిసి వాయిస్తారు. తరచుగా తమ పాటలను తామే కట్టుకొంటారు. తెలుగులోనూ ఈ ధోరణి వేళ్ళూనుకొన్నది. హైదరాబాదుకు చెందిన 'చౌరస్తా' బృందం జానపద ఛాయలు గల తెలుగు పాటలను పాశ్చాత్య వాద్యాలతో మేళవించి యువతను ఆకట్టుకొన్నది. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు జాగ్రత్తలు చెబుతూ ఆ బృందం పాడిన పాట ఇంటింటా వినిపించింది. కనుక నేడు గోదావరిఖనిలోని ఒక కార్మికుని కుమారుడో కుమార్తెనో గిటారు చేతబట్టితే ఆశ్చర్యపడవలసినది లేదు.

నిజానికి ఈ సంగీతానికీ శ్రామిక జీవనానికీ దగ్గరి చుట్టరికం ఉన్నది. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ కర్మాగారాల నగరం. అక్కడ రేకుల కర్మాగారంలో పనిచేస్తుండిన టోనీ అయోమీ అనే యువకుడు 17 ఏళ్ళ వయస్సులో యంత్రం కింద చేయి పడి రెండు వేళ్ళ కొనలను పోగొట్టుకొన్నాడు. గిటారు తంతులను అదిమిపట్టేది ఆ చేతితోనే. అతడు కుంగిపోలేదు. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకొన్నాడు. బిగువైన తంతులు నొప్పి కలిగిస్తుంటే తరువాతి కాలంలో వాటి బిగువు తగ్గించి, శ్రుతిని దించి వాయించాడు. అట్లా పుట్టిన బరువైన, గంభీరమైన నాదమే 1968లో ఏర్పడిన 'బ్లాక్ సబ్బాత్' బృందానికి గుర్తింపు తెచ్చింది. లోటును నాదంగా మార్చుకొన్న ఈ ఉదాహరణ పారిశ్రామిక ప్రాంతాల యువతకు ఎంతైనా ధైర్యాన్నిస్తుంది.

ఇక మన గోదావరిఖని సంగతి. గోదావరి నది ఒడ్డున, రామగుండం నగరపాలక సంస్థ పరిధిలో ఉన్న ఈ పట్టణం బొగ్గుబాయిల చుట్టూ పెరిగింది. పక్కనే తాప విద్యుత్కేంద్రం, ఎరువుల కర్మాగారం వెలిశాయి. తెలంగాణ పల్లెల నుంచే గాక ఇతర రాష్ట్రాల నుంచి కూడా కుటుంబాలు వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. ఒకే వీధిలో రెండు మూడు భాషలు, నాలుగైదు యాసలు వినిపిస్తాయి. డప్పు దరువు, ఒగ్గుకథ, భజన, సినిమా పాట అన్నీ ఇక్కడి గాలిలో కలిసి ఉంటాయి. కొత్త సంగీతానికి ఇంతకన్న సారవంతమైన నేల ఎక్కడ దొరుకుతుంది?

ఈ నేల నేర్పే మొదటి పాఠం వినడం. భూగర్భ గనిలో అనుభవజ్ఞుడైన కార్మికుడు పని మొదలుపెట్టే ముందు పైకప్పును కడ్డీతో తట్టి చూస్తాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిన కప్పు డొల్లగా పలుకుతుంది. ఆ తేడాను పట్టగలిగిన చెవి తనవారి ప్రాణాలను కాపాడుతుంది. వేదికపై పాటను కాపాడేది కూడా అటువంటి చెవియే. కొత్త బృందాల్లో సాధారణంగా కనిపించే లోపం ఏమంటే, ప్రతివారూ తమ వాద్యాన్ని తాము వింటారు, పక్కవారిని వినరు. గిటారు వినిపించలేదని ఒకరు శబ్దం పెంచుతారు. దానిని మించాలని మరొకరు పెంచుతారు. చివరకు పాట మాయమై రొద మిగులుతుంది. సాధన సమయంలో ఒక్కొక్క వాద్యాన్ని వంతులవారీగా ఆపి, మిగిలినవారు లయ తప్పకుండా వాయించగలుగుతున్నారేమో చూసుకోవడం దీనికి మంచి మందు. ఎవరు ఆగినా పాట నిలబడితే ఆ బృందం ఒకరినొకరు వింటున్నదని అర్థం.

రెండవ పాఠం కాలనియమం. బాయిలో మస్టరు పడాలంటే వేళకు చేరుకోవాలి. సాధనకు కూడా అట్లాంటి మస్టరు ఉండాలి. నలుగురిలో ఒకరు అరగంట ఆలస్యంగా వస్తే పోయేది అరగంట కాదు, నలుగురివీ కలిపి రెండు గంటలు. 'అభ్యాసం కూసువిద్య' అన్నారు పెద్దలు. వారానికి ఒకరోజు ఆరుగంటలు వాయించడం కన్న రోజు విడిచి రోజు గంటన్నర వాయించడం మేలు. ఇంటర్మీడియట్ చదివే విద్యార్థులు పరీక్షల నెలలను విడిచిపెట్టి ప్రదర్శన తేదీని నిర్ణయించుకొంటే చదువుకు భంగం కలుగదు. తల్లిదండ్రులకు బెంగ ఉండదు.

సాధన ఎక్కడ చేయాలన్నది గని పట్టణంలో చిన్న సమస్య కాదు. గనుల్లో పని మూడు షిఫ్టులుగా సాగుతుంది. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చినవారు పగలు నిద్రిస్తారు. పక్కపక్కనే అంటుకొని ఉండే క్వార్టర్లలో డ్రమ్స్ మోగితే, రాత్రంతా భూమి అడుగున చెమటోడ్చిన మనిషి ఉలిక్కిపడి లేస్తాడు. మరునాడు ఆ నిద్రలేమితోనే గనిలోకి దిగవలసివస్తుంది. అందువల్ల కొత్త బృందం ముందుగా వినవలసినది ఇరుగుపొరుగుల మాట. డ్రమ్స్ పైన దుప్పట్లు కప్పి వాయించడం, పుల్లలతో రబ్బరు పలకపై లయను సాధించడం, ఆంప్లిఫయరు లేకుండా గాత్రాన్ని, మామూలు గిటారును కుదుర్చుకోవడం వంటివి ఇంట్లో చేయవచ్చు. పూర్తి శబ్దంతో చేసే సాధనను వారానికి ఒకటి రెండుసార్లు, సాయంకాలం, నివాసాలకు దూరంగా ఏర్పాటు చేసుకోవాలి.

పాటల ఎంపికలో వివేకం చూపడం మూడవ పాఠం. తొలి ప్రదర్శనకు అరగంట, అంటే ఐదారు పాటలు చాలు. రెండు గంటల కార్యక్రమం ప్రకటించి, సగం పాటలను తడబడుతూ ముగించడం ఆరంభశూరత్వం. కష్టమైన పాటతో మొదలుపెట్టి మెప్పించాలన్న కోరిక సహజమే గాని, భయంతో వేళ్ళు బిగుసుకొని ఉండే మొదటి నిమిషాల్లో అందరికీ బాగా పట్టుబడిన పాటే రక్షిస్తుంది. వరుసలో కనీసం ఒక్కటైనా సొంత పాట ఉండాలి. ఇతరుల పాటలు ఎంత బాగా వాయించినా శ్రోత అసలు గాయకుణ్ణే తలచుకొంటాడు. సైరన్ మోత, షిఫ్టు బస్సు, ఓపెన్‌కాస్టు పేలుళ్ళకు అదిరే గోడ, గోదావరి గట్టు, పండుగకు ఇంటికి రాలేని తండ్రి. ఇవన్నీ పాటకు వస్తువులు. ఈ ప్రాంతపు బొగ్గుగనుల నేపథ్యంతో 2023లో వచ్చిన 'దసరా' చలనచిత్రాన్ని దేశమంతా చూసింది. మన యాసలో మన బతుకు చెబితే వినేవారు లేరన్న భయం ఇక అక్కరలేదు.

ప్రదర్శనకు వారం ముందు నుంచి పాటల వరుసను మొదటి నుంచి చివరి వరకు ఆపకుండా వాయించాలి. తప్పు దొర్లినా ఆగరాదు. తప్పు జరిగిన తరువాత తిరిగి ఎక్కడ కలుసుకోవాలో నేర్పేది ఈ సాధన ఒక్కటే. గనిలో బరువులు లాగే యంత్రాలను నడపడానికి గంట సంకేతాలు ఉన్నట్లే, బృందానికి కూడా కనుచూపుతో, తల ఊపుతో చెప్పుకొనే సంకేతాలు ఉండాలి. ఎవరి సంకేతాన్ని అందరూ పాటించాలో ముందే నిర్ణయించుకోవాలి.

ఇక వేదిక సంగతులు. ఇరుకు గదిలో సాధన చేసినవారు విశాలమైన వేదికపై దూరదూరంగా నిలబడి లయ తప్పుతుంటారు. దీనికి కారణం భౌతికశాస్త్రం చెబుతుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో పయనిస్తుంది. డ్రమ్స్‌కు 10 మీటర్ల దూరాన నిలబడినవారికి దెబ్బ సెకనులో 30వ వంతు ఆలస్యంగా చేరుతుంది. వేగమైన పాటలో ఆ మాత్రం ఎడం చాలు తాళం జారడానికి. కాబట్టి మొదటిసారి దగ్గర దగ్గరగా నిలబడడమే ఉత్తమం. రామగుండం ఎండలు తెలుగు నేలపై పేరుపడ్డవి. వేడికి లోహపు తంతులు సాగి శ్రుతి దిగుతుంది. వాద్యాన్ని వేదికపై కొంతసేపు ఉంచి, ఆ వాతావరణానికి అలవాటుపడనిచ్చిన తరువాతనే శ్రుతి చేసుకోవాలి. ధూళి చేరిన మీటలు, ప్లగ్గులు బరబరమని చప్పుడు చేస్తాయి. వాటిని ముందురోజే శుభ్రపరచుకోవాలి.

అన్నిటికన్న ముఖ్యమైనది విద్యుత్తు విషయంలో జాగ్రత్త. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీ పట్టణంలో 'స్టోన్ ద క్రోస్' బృందపు గిటారు వాద్యకారుడు లెస్ హార్వే, ఎర్తింగ్ సరిగా లేని మైకును తాకి వేదికపైననే విద్యుదాఘాతంతో మరణించాడు. చేతిలో గిటారు తంతి, పెదవులకు ఆనుకొని మైకు ఉన్నప్పుడు చిన్న లోపం ప్రాణాంతకమవుతుంది. ఎలక్ట్రీషియనుతో ఎర్తింగ్ పరీక్ష చేయించనిదే తీగ తగిలించరాదు. భద్రత అనే మాట విలువ గని పట్టణానికి ఎవరూ చెప్పనక్కరలేదు. అట్లాగే, 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో మైకు పెట్టడానికి రాతపూర్వక అనుమతి అవసరం. రాత్రి 10 గంటల తరువాత సాధారణంగా అది చెల్లదు. అనుమతి పత్రం కూడా సన్నద్ధతలో భాగమే.

ఇంత శ్రమ ఎందుకు, ఈ పరాయి సంగీతం మనకెందుకు అని ఆక్షేపించే పెద్దలు ఉన్నారు. వారి ఆందోళనను తేలికగా కొట్టివేయలేము. అయితే వయొలిన్ ఐరోపా నుంచి వచ్చి కర్ణాటక సంగీత కచేరీలో విడదీయరాని భాగమైంది. హార్మోనియం లేని పద్యనాటకాన్ని మనం ఊహించలేము. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ అనే పాశ్చాత్య వాద్యంపై, అందులోనూ విద్యుత్ మాండలిన్‌పై, కర్ణాటక సంగీతాన్ని పలికించి ప్రపంచ ఖ్యాతి పొందాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన సందర్భంగా అతడు తొలి కచేరీ చేసేనాటికి వయస్సు తొమ్మిదేళ్ళు. వాద్యం పరాయిదని ఆనాటి పెద్దలు ఆ బాలుణ్ణి వేదిక దింపి ఉంటే నష్టపోయేవారు ఎవరు?

ఊరి బాధ్యత ఇక్కడ మొదలవుతుంది. సింగరేణి సంస్థలో 1990వ దశకం తొలి సంవత్సరాల్లో లక్షమందికి పైగా కార్మికులు ఉండేవారు. నేడు ఆ సంఖ్య 40 వేల పరిసరాలకు తగ్గింది. తండ్రి దిగిన బాయిలోకే కొడుకు దిగుతాడన్న భరోసా ఇప్పుడు లేదు. ఇటువంటి సమయంలో పట్టణాన్ని ఒకటిగా నిలిపి ఉంచే శక్తులలో కళ ఒకటి. ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో గ్రైమ్‌థోర్ప్ బొగ్గుగని కార్మికులు 1917లో ఒక వాద్యబృందాన్ని స్థాపించుకొన్నారు. 1992 అక్టోబరులో గని మూసివేత వార్త వెలువడిన రోజుల్లోనే ఆ బృందం జాతీయ పోటీలో ప్రథమస్థానం పొందింది. 1993లో గని మూతపడింది. బృందం మాత్రం తరువాత కూడా ఆ గని పేరుతోనే కొనసాగింది. బొగ్గు అయిపోయినా ఊరి పేరు మోగుతూనే ఉన్నది.

మన పట్టణంలోనూ పండుగలకు, ఉత్సవాలకు పేరున్న గాయకులను పిలిపించుకోవడం ముచ్చటే. అదే వేదికపై స్థానిక యువతకు అరగంట కేటాయిస్తే అదనపు ఖర్చు ఏమంత ఉండదు. మైకులు, దీపాలు, శ్రోతలు అప్పటికే సిద్ధంగా ఉంటారు. ఏటా డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం జరుగుతుంది. ఆనాటి సాంస్కృతిక కార్యక్రమాల్లో మొదటిసారి వేదిక ఎక్కే బృందానికి ఒక స్థానం నియతంగా ఉండాలి. కళాశాలల్లో సెలవురోజుల్లో ఖాళీగా ఉండే ఒక గదిని సాధనకు ఇవ్వాలి. యువకుల సంగీతం రొద అని విసుక్కొనేవారే, అది రొద కాకుండా తీర్చుకొనే చోటును వారికి చూపించాలి.

తొలి ప్రదర్శనలో తప్పులు తప్పవు. శ్రుతి కాస్త తగ్గవచ్చు, గొంతు వణకవచ్చు, ఒక తంతి తెగవచ్చు. అంతమాత్రాన ఆ ప్రదర్శన విఫలమైనట్లు కాదు. ప్రదర్శన ముగిసిన మరునాడు బృందమంతా కూర్చుని ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని నిజాయితీగా మాట్లాడుకొని, రెండవ ప్రదర్శనకు తేదీ నిర్ణయించుకొంటే మొదటిది సఫలమైనట్లే. యువత పక్కవారిని వినడం అలవరచుకోవాలి. ఊరు తన యువతను వినడం అలవరచుకోవాలి. ఈ రెండూ సమకూరిననాడు గోదావరిఖని నేల నుంచి బొగ్గుతోపాటు పాట కూడా వెలికి వస్తుంది.