సుంకం వేసింది అమెరికా, కట్టేది పత్తి రైతా?

కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

విదేశీ పత్తి మీద దిగుమతి సుంకాన్ని 2025 ఆగస్టు 18న ఎత్తేసినప్పుడు సెప్టెంబర్ 30 వరకే అన్నారు. పది రోజులు తిరిగేసరికి గడువును డిసెంబర్ 31 దాకా జరిపారు. కలిపిన ఆ మూడు నెలలు ఏవో మీకు తెలియనివి కావు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు, ఆదిలాబాద్ యార్డుకు కొత్త పత్తి వచ్చేది ఆ నెలల్లోనే. రైతు ఇంట్లో పత్తి లేని ఆగస్టులో ఎత్తేస్తే మాకు పట్టేది కాదు. సరిగ్గా మా బండ్లు కదిలే వేళకు పొడిగించాలని ఎవరికి తోచింది? ఒక్క రైతునైనా అడిగారా?

ఆ సుంకం పెట్టిందీ మీరే కదా! 2021 బడ్జెట్ ప్రసంగంలో రైతుల మేలు కోసమే అన్నారు. అన్నీ కలిపి 11 శాతం అయింది. 2022లో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా తీసేశారు. 2025లో మళ్ళీ తీశారు. మేలు చేసేదైతే ఎందుకు తీసినట్టు? చెయ్యనిదైతే ఎందుకు పెట్టినట్టు? 2025 ఫిబ్రవరిలో పత్తి దిగుబడి పెంచడానికి ఐదేళ్ళ మిషన్ ప్రకటించారు. పెరిగిన దిగుబడిని ఏ ధరకు అమ్ముకోవాలి?

2025లో అమెరికా వేసిన 50 శాతం సుంకంతో తిరుప్పూరు బట్టల పరిశ్రమ నలిగిపోయింది, నిజమే. మిల్లు ఆగితే మా పత్తికీ దిక్కుండదు. వాళ్ళను ఆదుకోవద్దని ఎవరన్నారు? మా పత్తి సుంకం తీసి కాదు, ఖజానా నుంచి ఆదుకోండి. ఆబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరగాల్సిందేనా?

మద్దతు ధర ఉందిగా అంటారు. ఉంది. 2025-26లో పొడవు పింజ పత్తికి క్వింటాకు 8,110 రూపాయలు. అది పూర్తిగా చేతికి రావాలంటే తేమ 8 శాతం మించకూడదు. ఆపైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత. 12 దాటితే మద్దతు ధరకు కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. 2025 అక్టోబర్ చివర మొంథా తుఫాను వానకు చేనులోనే తడిసిన పత్తిని చూశారా? దూది రంగు మారి ముద్ద కడుతుంది. వాకిట్లో పరిచి రెండెండలు చూపిస్తే పైన పొడిబారుతుంది, లోపల చెమ్మ అట్లాగే ఉంటుంది. తేమ మీటరు మొన లోపలికి దించితే ఆ చెమ్మే అంకెగా కనబడుతుంది. వెనక్కి తెచ్చుకోవడానికి బండి కిరాయి ఎవరిస్తారు? గేటు బయట వ్యాపారి అడిగిన రేటుకు పోసి రావడమే. సుంకం లేని విదేశీ బేళ్ళు దిగుతుంటే ఆ రేటు పెరుగుతుందా?

2025లో దానికి తోడు, సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్, స్లాట్ బుకింగు వచ్చాయి. పట్టా లేని కౌలు రైతు ఎవరి పేరున బుక్ చేసుకోవాలి? గులాబీ రంగు పురుగు గురించి, 2006 తర్వాత కొత్త బీటీ రకానికి దిక్కులేకపోవడం గురించి ఎన్నిసార్లు మొత్తుకున్నాం? విన్నదెవరు?

2025 డిసెంబర్ 31తో ఆ గడువు ముగిసింది. మిల్లుల వాళ్ళకు ఢిల్లీలో మీ అపాయింట్‌మెంట్ దొరుకుతుంది. మాకు దొరకదు కాబట్టే ఈ లేఖ. మళ్ళీ సుంకం ఎత్తేయడానికి సంతకం పెట్టే ముందు మా సంగతి కూడా ఆలోచించండి. ఆ సుంకం రైతు కోసమేనని 2021లో చెప్పిన మాట మీద ఇంకా ఉన్నారా, లేదా? అది కాస్త తేల్చి చెప్పండి.

ఇట్లు,
వరంగల్ జిల్లా పత్తి రైతు