మాఫీ ఎవరికి? బాకీ ఎవరిది?

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ముందు పొద్దున్నే నిలబడి చూడండి. మెట్ల మీద, గోడ పక్కన, ఎక్కడ చూసినా పుస్తకాలు పట్టుకున్న పిల్లలే. నారాయణగూడ హాస్టళ్ళ నుంచి, అశోక్‌నగర్ గదుల నుంచి నడిచి వస్తరు. ఇద్దరు పట్టే గదిలో నలుగురు పడుకుంటరు. పొద్దున టిఫిను మానేసి, ఐదు రూపాయల భోజనం కాడ లైను కడతరు. వీళ్ళలో మన మాల, మాదిగ వాడల పిల్లలు ఎందరో, రెండు నిమిషాలు మాట కలిపితే తెలుస్తది. పత్రికలు వీళ్ళను నిరుద్యోగులు అని రాస్తాయి. వీళ్ళకు ఇంకో పేరు కూడా ఉంది. అప్పులోళ్ళు.

అట్లా మాట కలిపినప్పుడు ఒక పిల్లగాడు తన సంగతి చెప్పిండు. డిగ్రీ అయిపోయి మూడేండ్లు దాటింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ సర్కారు నుంచి రాలేదు గనుక మొత్తం నువ్వే కట్టు, కడితేనే సర్టిఫికెట్లు అన్నది కాలేజీ. తండ్రి కూలి. ఊళ్ళో నూటికి మూడు రూపాయల మిత్తికి యాభై వేలు తెచ్చి కట్టిండు. లెక్క చూడండి: నెలకు 1,500, ఏడాదికి 18,000. మూడేండ్లకు మిత్తే 54,000. అసలు కంటే మిత్తి పెద్దదైంది, అసలు అట్లనే ఉన్నది. ఆ తర్వాత సర్కారు పైసలు కాలేజీకి వచ్చినయా, వస్తే ఈ కూలి మనిషి యాభై వేలు తిరిగి ఎందుకు రాలేదు? అడిగిన దిక్కు లేదు.

ఇప్పుడు దేశంలో విద్యార్థుల అప్పుల మాఫీ గురించి పెద్ద చర్చ నడుస్తోంది. 2024 పార్లమెంటు ఎన్నికల మేనిఫెస్టోలో కాంగ్రెసు, మార్చి 15 నాటికి ఉన్న విద్యా రుణాల బాకీ వడ్డీతో సహా రద్దు చేస్తామని, బ్యాంకులకు ప్రభుత్వమే చెల్లిస్తదని రాసింది. ఢిల్లీలో అధికారం రాలేదు, ఆ మాట అక్కడే ఆగింది. అమెరికాలో బైడెన్ ప్రభుత్వం దాదాపు 40 వేల కోట్ల డాలర్ల విద్యార్థి రుణాలు మాఫీ చేయబోతే, 2023 జూన్ 30న అక్కడి సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా చీలి కొట్టేసింది. మాఫీ మంచిదా చెడ్డదా అని కోర్టు తేల్చలేదు. చట్టసభ ఇవ్వని అధికారంతో మంత్రి అంత పని చేయరాదన్నది. అక్కడ ఆ అప్పుల బరువు ఎక్కువ మోసేది నల్లజాతి పిల్లలు. మనకు ఆశ్చర్యమేముంది!

ఈ తీర్పులో మనం పట్టుకోవాల్సింది ఒకటుంది. నాయకుని ప్రకటనగా వచ్చింది ప్రకటనగానే పోతది. మన ఫీజు రీయింబర్స్‌మెంట్ చూడండి. 2008లో వైఎస్ కాలంలో మొదలై ఇప్పటిదాకా జీవోల మీదే బతుకుతోంది. ఫలానా తేదీలోపు చెల్లించాలి, చెల్లించకపోతే ఫలానా అధికారి జవాబుదారీ అని ఒక్క చట్టం లేదు. అందుకే ప్రతి సర్కారూ బకాయి పెడతది, వచ్చే సర్కారు పాత బకాయి నాది కాదంటది. 2025 నవంబర్ 3న తెలంగాణ ప్రైవేటు కాలేజీలు తాళాలు వేశాయి. వేల కోట్ల బకాయి అన్నరు. నాలుగు రోజులకు ఉప ముఖ్యమంత్రి 600 కోట్లు వెంటనే, 300 కోట్లు తర్వాత అన్నరు, తాళాలు తీసిండ్రు. అది యాజమాన్యాల లడాయి. వాళ్ళు గెలిచింది వాళ్ళ పైసలు. పిల్లల మిత్తి మాట ఆ బల్ల మీద ఎవరు పెట్టిండ్రు? ఆంధ్రలో కథ ఇంకో తీరు. పైసలు తల్లుల ఖాతాలో వేయాలని జగన్ సర్కారు, కాలేజీ ఖాతాలోనే వేయాలని 2021 సెప్టెంబరులో హైకోర్టు. ఎవరి ఖాతాలో అన్నదే లడాయి, ఎప్పటిలోగా అన్నది కాదు.

ఎస్సీ పిల్లల విషయంలో ఇంకో తిరకాసు ఉంది, చాలామంది కార్యకర్తలకు కూడా తెలియదు. 2020 డిసెంబరులో కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఖర్చును 60:40గా పంచింది. 60 కేంద్రానిది, 40 రాష్ట్రానిది. కేంద్రం వాటా నేరుగా పిల్లల ఖాతాలో పడాలి, కానీ రాష్ట్రం తన 40 వేసిన తర్వాతనే. అంటే హైదరాబాదులో ఒక ఫైలు ఆగితే ఢిల్లీ పైసలు కూడా ఆగుతాయి. పిల్లగాడేమో రెండు సర్కార్ల నడుమ నలుగుతడు.

మాఫీ అంటే మీద పడి లేచేవాళ్ళ మాటలు కూడా విందాం. కష్టపడి కట్టుకున్నోళ్ళకు అన్యాయం అంటరు. బ్యాంకులు మునుగుతయి అంటరు. 2014-15 నుంచి పదేండ్లలో బ్యాంకులు 16.35 లక్షల కోట్ల రూపాయలు మొండి బాకీలుగా ఖాతాల్లోంచి తీసేశాయని 2025 మార్చిలో పార్లమెంటులో చెప్పింది కేంద్ర ప్రభుత్వమే. అది మాఫీ కాదు, వసూలు ప్రయత్నం నడుస్తనే ఉంటదని కూడా చెప్పిండ్రు. మంచిది, ఒప్పుకుందాం. మరి ఆ పెద్దమనుషుల ఇండ్లకు పోని ఏజెంట్లు కూలోని ఇంటికి ఎందుకొస్తరు?

అయినా మేము ఒక మాట దాచకుండా చెప్పదలుచుకున్నాం. బ్యాంకు రుణాల మాఫీ కావాల్సిందే, కానీ అది వచ్చినా మన వాడల్లో చాలామందికి ఒరిగేది తక్కువ. నాలుగు లక్షల దాకా తాకట్టు అడగొద్దని రూలున్నది. మేనేజరు ముందు నిలబడితే నీకు భూమి ఎంత అని అడుగుతడు. బ్యాంకు గడప ఎక్కనోడికి బ్యాంకు మాఫీ ఏం చేస్తది? 2024లో తెలంగాణ రెండు లక్షల రైతు రుణమాఫీ చేసింది. పాసుబుక్కు లేని కౌలురైతు చేతికి అది రాలేదు. మనది అదే బాధ. మన అప్పు ఊరి దొర కాడ, ఫైనాన్సోని కాడ, పుస్తెలు పెట్టిన దుకాణం కాడ ఉంది. ఆ అప్పు ఏ మేనిఫెస్టోలోనూ కనపడదు.

కనుక మాఫీ అనే మాటే మనకు సరిపోదు. తప్పు చేసినోన్ని మాఫీ చేస్తరు. మన పిల్లలు చేసిన తప్పేంది? 1942లో బాబాసాహెబ్ వైస్రాయికి వినతిపత్రం ఇచ్చి, షెడ్యూల్డ్ కులాల చదువుకు ఖజానా నుంచి పైసలు అడిగిండు. 1944 నుంచి ఈ స్కాలర్‌షిప్ ఉంది. దయ అడగలేదు, వాటా అడిగిండు. ఆయన చదువు కూడా ఒక ఒప్పందం మీద నడిచిందే. 1913లో బరోడా సంస్థానం సాయంతో అమెరికా పోతూ, తిరిగొచ్చి పదేండ్లు కొలువు చేస్తనని రాసిచ్చిండు. 1917లో మాట ప్రకారం బరోడా పోయిండు. అంటరానోనికి ఊళ్ళో ఇల్లు దొరకలేదు. పార్శీ సత్రంలో ఉంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టిండ్రు. ఒప్పందం తప్పిందెవరు?

హైదరాబాదులోనే, 2016 జనవరి 17న మనకు దూరమైన రోహిత్ వేముల చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్ బాకీ, 1.75 లక్షలు, రావాల్సి ఉందని రాసిండు. మిత్రునికి తను ఇయ్యాల్సిన అప్పు కూడా మరువలేదు. బాకీ పడ్డ సంస్థకు లేని పట్టింపు బాకీ రావాల్సినోనికి ఉన్నది.

మళ్ళీ అశోక్‌నగర్‌కు వద్దాం. 2022 గ్రూప్-1 నోటిఫికేషన్ ప్రిలిమ్స్ పేపరు లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెడితే సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్. 2023 ఎన్నికలప్పుడు రాహుల్ గాంధీ ఇక్కడికే వచ్చి పిల్లలతో కూర్చొని పోయిండు. ఐదు లక్షల విద్యా భరోసా కార్డు అని ఆరు గ్యారంటీల్లో రాసిండ్రు. పరీక్ష రద్దయితే ఊళ్ళో మిత్తి రద్దయితదా? ఆ రెండేండ్ల మిత్తి ఎవరి ఖాతాలో రాయాలె?

మా డిమాండు ఇదీ: సర్కారు ముందు తన బాకీ కట్టాలె. కట్టడం ఆలస్యమైతే పిల్లగాని ఇంట్లో పెరిగిన మిత్తి కూడా సర్కారే ఇయ్యాలె. ఇది జీవోతో కాదు, గడువు తేదీ రాసిన చట్టంతో రావాలె. సబ్‌ప్లాన్ కోసం కొట్లాడి 2013లో చట్టం తెచ్చుకున్నం, ఇదీ తెచ్చుకోగలం.

ఈలోపు సర్టిఫికెట్ల సంగతి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు పట్టుకొని ఉంచరాదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. సర్టిఫికెట్ తాకట్టు సరుకు కాదని మద్రాసు హైకోర్టు చెప్పింది. కాబట్టి కాలేజీకి నోటితో అడగొద్దు, కాగితం మీద రాసిచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ప్రతి వాడలో కార్యకర్తలు ఒక నోటుబుక్కు పెట్టండి. పేరు, కాలేజీ, చదివిన ఏడాది, ఏ సర్టిఫికెట్ ఆగింది, కాలేజీకి ఎంత కట్టిండ్రు, రశీదు ఉందా, ఆ పైసలు ఎవరి దగ్గర ఎంత మిత్తికి తెచ్చిండ్రు, అన్నీ రాయండి. చదివి ఇండ్లల్ల ఉన్న ఆడపిల్లలను అడగడం మరువొద్దు, సర్టిఫికెట్ లేక కూలికి పోతున్న వాళ్ళు వాళ్ళలోనే ఎక్కువ.